విదేశంలో రచనా విడిది: రాయడంలోని సంతోషాన్ని మళ్లీ అందుకోవడం ఎలా

రాయడం ఆగిపోయినవారి గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు గానీ, రాయడం ఆగకుండానే అందులోని సంతోషం ఇంకిపోయినవారి గురించి మాట్లాడేవారు తక్కువ. గడువుకు రచన అందుతుంది, అచ్చవుతుంది, నలుగురూ బాగుందంటారు. రాసిన మనిషికి మాత్రం కూర్చున్నంతసేపూ బాకీ తీరుస్తున్నట్టే ఉంటుంది. ఈ వ్యాసం అటువంటివారి కోసం. కొన్ని వారాలు పరాయి దేశంలోని రచయితల విడిదికి వెళ్లి, రాత మీద ఒకప్పటి ఇష్టాన్ని తిరిగి తెచ్చుకోవాలనుకునేవారు వెళ్లేముందు ఏం చూసుకోవాలో, అక్కడ రోజులు ఎలా గడపాలో, వచ్చాక ఏం చేయాలో ఇందులో వివరిస్తాను. నేను రెండుసార్లు అటువంటి విడిదిలో ఉన్నాను. మొదటిసారి నవలలో ఆరు అధ్యాయాలు పూర్తిచేయాలని లెక్క వేసుకుని వెళ్లాను. ఆ లెక్క ప్రకారమే రాసి, వెళ్లినప్పటికంటే ఎక్కువ అలసటతో తిరిగి వచ్చాను. రెండోసారి ఏ లెక్కా లేకుండా వెళ్లాను. ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఆ రెండు ప్రయాణాలకూ ఉన్న తేడా నుంచి నేర్చుకున్నదే.

ముందుగా తేల్చుకోవలసింది

మీకు పోయింది సంతోషమేనా, లేక నిద్రా? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా ప్రయాణపు ఖర్చంతా దీని మీదే ఆధారపడి ఉంది. వారం రోజులు ఏమీ రాయకుండా విశ్రాంతి తీసుకుంటే మళ్లీ రాయబుద్ధి పుట్టేవారికి విదేశం అక్కర్లేదు. రాతతోపాటు తిండి, స్నేహాలు, ఇష్టమైన పనులు కూడా రుచించకుండా వారాల తరబడి గడుస్తుంటే, ముందు వెళ్లవలసింది వైద్యుడి దగ్గరికి; ఒంటరితనం ఎక్కువగా ఉండే విడిది అటువంటి స్థితిని మరింత పెంచవచ్చు. మిగిలిన జీవితమంతా బాగానే ఉండి, రాతబల్ల దగ్గరకు రాగానే మనసు మూసుకుపోతున్నవారికే ఈ మార్గం.

ఆ మూసుకుపోవడానికి గల కారణాన్ని అర్థం చేసుకోవడానికి ఒక పాత ప్రయోగం నాకు చాలా ఉపకరించింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టెరెసా అమబిలే 1985లో ప్రచురించిన ఆ ప్రయోగంలో, రచనలో నిమగ్నమై ఉన్న 72 మంది యువకులు రెండు చిన్న కవితలు రాశారు. రెండో కవితకు ముందు ఒక బృందం, గుర్తింపు, డబ్బు, ఇతరుల మెప్పు వంటి బయటి కారణాల జాబితాను చదివి వాటిని ప్రాధాన్యక్రమంలో పేర్చింది. మరొక బృందం, మాటలతో ఆడుకోవడంలోని ఆనందం వంటి లోపలి కారణాల జాబితాతో అదే పని చేసింది. బయటి కారణాలను తలపోసినవారి రెండో కవితల్లో సృజనాత్మకత తగ్గిందని, ఎవరిది ఏ బృందమో తెలియని కవులు తీర్పునిచ్చారు. కొద్ది నిమిషాల తలపోతకే అంత ప్రభావం ఉంటే, ఏళ్ల తరబడి అదే లెక్కలో బతికిన రచయిత సంగతి వేరే చెప్పనక్కర్లేదు. విడిదికి వెళ్లడంలో అసలు ప్రయోజనం ఆ లెక్క నుంచి కొంతకాలం బయటికి రావడమే. అందుకే బయలుదేరకముందు ఒక కాగితం మీద, మీరు ఈ మధ్య ఎవరెవరి కోసం, దేనికోసం రాశారో నిజాయితీగా రాసుకోండి. ఆ కాగితాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లండి.

ఎటువంటి విడిదిని ఎంచుకోవాలి

రచనా విడుదులు స్థూలంగా రెండు రకాలు. దరఖాస్తులు పిలిచి, రాసినవాటిలోని నమూనాను చూసి ఎంపిక చేసి, వసతిని తామే సమకూర్చే రెసిడెన్సీలు ఒక రకం. రుసుము కడితే చేర్చుకునేవి, ఎక్కువగా బోధన, చర్చలతో నడిచే స్వల్పకాల రిట్రీట్లు మరొక రకం. మొదటిదానిలో గౌరవం ఎక్కువ కాబట్టి అదే మంచిదని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఎంపికై వచ్చామన్న భావన కొందరికి ఊపిరి పోస్తుంది, మరికొందరికి అదే మరో పరీక్ష అవుతుంది. మీ సంతోషం దేనివల్ల ఎండిందో దాన్నిబట్టి ఎంచుకోవడమే సరైన పద్ధతి.

జీవితంలో సందడి మితిమీరి, ఒక్క గంట కూడా తనది కాకుండా పోయినవారు నిశ్శబ్దాన్ని నియమంగా పాటించే చోటు వెతుక్కోవాలి. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 1907లో మొదలైన కళాకారుల విడిది మాక్‌డవెల్‌లో, అడవిలో విడివిడిగా ఉన్న స్టూడియోల గుమ్మం ముందు మధ్యాహ్న భోజనం బుట్టను చడీచప్పుడు లేకుండా ఉంచి వెళ్లే ఆచారం ఉంది. ఆ బుట్ట వెనుక ఉన్న ఆలోచన గొప్పది: మధ్యాహ్నం పూట ఎవరితోనూ మాట కలపనక్కర్లేకపోతే, ఉదయం మొదలైన ఆలోచన సాయంత్రం దాకా తెగకుండా సాగుతుంది. స్కాట్‌లాండ్‌లోని హాథార్న్‌డెన్ కోటలో, న్యూయార్క్ రాష్ట్రంలోని యాడో విడిదిలో కూడా పగటి నిశ్శబ్దం నియమంగానే ఉంటుంది.

ఒంటరిగా రాసి రాసి విసిగినవారికి మాత్రం ఆ నిశ్శబ్దం మందు కాదు. వారికి మనుషులు కావాలి. ఐర్లండ్‌లోని అన్నాక్‌మకెరిగ్‌లో 1981 నుంచి నడుస్తున్న టైరోన్ గథ్రీ సెంటర్‌లో పగలు ఎవరి పని వారిదే అయినా, రాత్రి భోజనానికి రచయితలు, చిత్రకారులు, సంగీతకారులు అందరూ ఒకే బల్ల దగ్గర చేరతారు. ఇంగ్లండ్‌లో 1968లో ప్రారంభమైన ఆర్వన్ సంస్థ రచనా కోర్సుల్లో పాల్గొనేవారే వంతులవారీగా కలిసి వండుకుంటారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1967 నుంచి నిర్వహిస్తున్న అంతర్జాతీయ రచయితల కార్యక్రమంలో పఠనాలు, చర్చలు, ఉపన్యాసాలు ఎక్కువ. పలు దేశాల రచయితలను కలవాలనుకునేవారికి అది తగినది గానీ, మౌనం కోరేవారికి కాదు.

అనువాదకులు కూడా ఉండే విడుదుల గురించి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. స్వీడన్‌లోని గాట్లండ్ ద్వీపంలో, విస్బీ పట్టణంలో 1993లో ఏర్పడిన బాల్టిక్ రచయితల, అనువాదకుల కేంద్రం, లాత్వియాలోని వెంట్స్‌పిల్స్‌లో 2006లో తెరిచిన రచయితల, అనువాదకుల నివాసం ఇటువంటివి. అనువాదకులు ఒక్క మాట కోసం గంటసేపు వెతికి, దొరికినప్పుడు చిన్నపిల్లల్లా సంబరపడతారు. పేరు, అమ్మకాలు, సమీక్షల గోల మరిచి మాట దగ్గర ఆగడం ఎలాగో వారిని చూసి నేర్చుకోవచ్చు. రెండోసారి వెళ్లినప్పుడు నా పక్కగదిలో ఉన్నది ఒక అనువాదకురాలే. ఆమె భోజనాల బల్ల దగ్గర అడిగే ప్రశ్నలు, ఉదాహరణకు మీ భాషలో తడికి ఎన్ని మాటలున్నాయి వంటివి, నేను చదివిన రచనా పాఠాలన్నిటికంటే ఎక్కువ మేలు చేశాయి.

ఏ చోటు ఎంచుకున్నా, దరఖాస్తుకు ముందు నిర్వాహకులను కొన్ని విషయాలు అడగాలి. గది విడిగా ఉంటుందా? రాసింది తప్పనిసరిగా అందరి ముందూ చదవాలా? రచన పూర్తిచేసి చూపించాలన్న షరతు ఉందా? ప్రయాణ ఖర్చు ఎవరిది? వసతి ఉచితమైన చోట కూడా విమాన ఖర్చును రచయితే భరించవలసి రావడం మామూలే. చాలాచోట్ల దరఖాస్తు గడువు విడిదికి ఆరు నెలల నుంచి ఏడాది ముందే ముగుస్తుంది కాబట్టి వెతకడం ముందుగానే మొదలుపెట్టండి, అప్పుడు తొందరపడి ఎంచుకోవలసిన అవసరం ఉండదు. పని ప్రణాళిక అడిగినప్పుడు ఇన్ని పేజీలు పూర్తిచేస్తానని వాగ్దానం చేయకండి. ఏ ప్రశ్న మిమ్మల్ని లాగుతోందో, దాన్ని ఏయే రూపాల్లో ప్రయత్నించి చూడాలనుకుంటున్నారో రాయండి. అది నిజం కూడా, పైగా అక్కడికి చేరాక మీ మెడకు ఉరి కాదు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. నిర్వాహకుల నుంచి ఆహ్వాన లేఖ, వసతి ధ్రువీకరణ ముందుగానే తెప్పించుకోవాలి. షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలకు) స్వల్పకాల వీసాతో వెళ్లేవారు ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా చూపాలి. విడిదిలో భృతి ఇస్తున్నా, బహిరంగ పఠనానికి పారితోషికం ఉన్నా, ఏ రకం వీసా కావాలో ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని ముందే అడగడం క్షేమం.

ఎన్ని రోజులు, ఏమేమి వెంట

రెండు వారాలకు తగ్గితే నేను విదేశీ విడిదిని సిఫారసు చేయను. శరీరానికి కాలమానం మారడానికి దాదాపు ఒక్కో గంట తేడాకు ఒక్కో రోజు పడుతుంది. మన లోపలి గడియారం సహజంగా 24 గంటలకంటే కాస్త ఎక్కువ నిడివితో తిరుగుతుంది కాబట్టి తూర్పు దిక్కుగా చేసే ప్రయాణం మరింత కష్టం. ఐదారు గంటల తేడా ఉన్న చోటికి వెళ్లినవారు మొదటి వారాన్ని శరీరానికే వదిలేయాలి. వారం రోజుల విడిదిలో అలా వదిలేస్తే ఏమీ మిగలదు. వదలకపోతే తూలుతూ రాసిన పేజీలు మిగులుతాయి.

అప్పగించవలసిన పనులన్నీ అప్పగించి బయలుదేరండి. ఇంటివారితో రోజుకు ఒకే వేళ మాట్లాడుకుందామని ముందే అనుకోండి. ఎక్కడికి, ఏం రాయడానికి వెళ్తున్నారో అందరికీ ప్రకటించకండి. ప్రకటించిన క్షణం నుంచి ఫలితం చూపించాలన్న భారం మొదలవుతుంది. గీతలు లేని నోటుపుస్తకాలు రెండు, ఒకప్పుడు మీకు రాయాలన్న కోరిక పుట్టించిన పుస్తకం ఒకటి చాలు. సగంలో ఉన్న పెద్ద రచనను తీసుకువెళ్లాలా వద్దా అన్నది కష్టమైన ప్రశ్న. నా సలహా, తీసుకువెళ్లినా మొదటి పది రోజులు తెరవవద్దు.

ఇక్కడ జర్మన్ కవి గోథే ప్రయాణాన్ని తలచుకోవడం సముచితం. వైమార్ ఆస్థానంలో పదేళ్లపాటు గనులు, రహదారులు, సైనిక వ్యవహారాల బాధ్యతల్లో మునిగి, రచనలను సగంలో వదిలేసిన ఆయన, 1786 సెప్టెంబర్ 3న తెల్లవారకముందే, మిత్రులకు కూడా చెప్పకుండా కార్ల్స్‌బాడ్ నుంచి బయలుదేరి ఇటలీ వెళ్లాడు. మోలర్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. రోమ్‌లో చిత్రకారుల మధ్య ఉంటూ వందల బొమ్మలు గీశాడు. చివరికి తాను చిత్రకారుడిని కానని, కవినేనని తెలుసుకుని 1788 జూన్‌లో తిరిగి వచ్చాడు. పేరు మార్చుకోవడం అందరికీ సాధ్యం కాదు గానీ, పేరు మోయనక్కర్లేని చోట, తనకు పేరు లేని కళలో చేయి పెట్టడం ఎవరికైనా సాధ్యమే. రంగుపెన్సిళ్లు కొన్ని పెట్టెలో పెట్టుకోండి.

మొదటి వారం: మీ భాష మీకు కొత్తగా వినిపించడం

స్వదేశంలోనే నిశ్శబ్దమైన చోటు దొరికినప్పుడు ఇంత దూరం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో దానికి ఒకటే సమాధానం ఉంది. తన భాష వినిపించని చోట మాత్రమే రచయితకు తన భాష మళ్లీ వినిపిస్తుంది. చుట్టూ రోజంతా వినిపించే భాషను మనం వినము, అర్థాన్ని మాత్రం తీసుకుని శబ్దాన్ని వదిలేస్తాము. రెండో ప్రయాణంలో ఐదో రోజున, బస్సు కోసం ఎదురుచూస్తూ ఇద్దరు వృద్ధులు మాట్లాడుకోవడం విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎక్కడ గొంతు పెరిగిందో, ఎక్కడ ఆగిందో, ఎవరు ఎవరిని బుజ్జగిస్తున్నారో మాత్రం స్పష్టంగా తెలిసింది. ఆ రాత్రి గదిలో కిటికీ దగ్గర చిన్న చప్పుడైతే, నా నోట ‘అలికిడి’ అన్న మాట వచ్చింది. ఎన్నోసార్లు రాసిన మాటే. దాన్ని మొదటిసారి విన్నట్టు అనిపించి, వెంటనే రాసుకుని, దాని కింద మరో పది మాటలు రాసుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత, ఎవరూ అడగకుండా రాసిన మొదటి పేజీ అది.

ఈ అనుభవం తనంతట తానే రావాలి గానీ, దారి మనం సిద్ధం చేయవచ్చు. మొదటి మూడు రోజులు నోటుపుస్తకం తెరవకుండా నడవండి. సంత, రేవు, గ్రంథాలయం, ప్రార్థనా స్థలం, ఎక్కడ మనుషులు మాట్లాడుకుంటారో అక్కడ కూర్చోండి. అనువాదం చేసే యాప్‌ను వాడకండి. నాలుగో రోజు నుంచి రోజుకొక మాతృభాషా పదాన్ని ఎంచుకుని, దాన్ని మొదటిసారి ఎవరి నోట విన్నారో, అప్పుడు వాతావరణం ఎలా ఉందో, వారి చేతులు ఏం చేస్తున్నాయో అరపేజీ రాయండి. మరుసటి రోజు అక్కడ కనిపించిన, మీ భాషలో పేరు లేని ఒక వస్తువును మీ భాషలో వర్ణించండి. పేరు లేకపోవడం వల్ల అరిగిపోయిన పదబంధాలు ఆదుకోవు, కళ్లే పని చేయవలసి వస్తుంది.

మీరు మొట్టమొదట ఏ రూపంలో రాశారో గుర్తుచేసుకోండి. పాటలు కట్టారా, ఉత్తరాలు రాశారా, తోబుట్టువులకు భయం కథలు చెప్పారా? నవలాకారులైనా సరే, కొన్ని రోజులు ఆ రూపంలోనే రాయండి. ఎవరికీ చూపనక్కర్లేనిది, ఎక్కడా అచ్చు వేయనక్కర్లేనిది రాస్తున్నప్పుడు చేయి ఎలా కదులుతుందో గమనించండి. చెలమలో నీళ్లు ఒక్కసారిగా ఊరవు. అడుగున తడి కనిపించగానే కడవ ముంచితే బురద వస్తుంది. మొదటి మంచి పేజీ రాగానే పెద్ద రచన మీదికి దూకాలనిపిస్తుంది. ఆ ఆత్రాన్ని మరో మూడు నాలుగు రోజులు ఆపుకోవడం ఈ మొత్తం ప్రయత్నంలో అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే ముఖ్యమైన పని కూడా.

రోజు నడిచే తీరు

ఉదయం రెండు మూడు గంటలు రాయడానికి చాలు. లెక్క పెట్టవలసింది పదాలను కాదు, కూర్చున్న వేళను. తర్వాత ఏం రాయాలో తెలిసినప్పుడే, వాక్యం మధ్యలో ఆపేయండి. మరునాడు ఖాళీ పేజీ ఎదురవదు. మధ్యాహ్నం నడక. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ చేసి 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వచ్చాయని, ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా అదే ఫలితం కనిపించిందని తేలింది. అయితే ఒకే సరైన సమాధానం వెతకవలసిన ప్రశ్నలకు నడక సహాయపడలేదు. కాబట్టి కథలో మలుపు దొరకనప్పుడు నడవండి, వాక్యం దిద్దవలసి వచ్చినప్పుడు కూర్చోండి.

సాయంత్రాలు తోటివారితో గడపండి, కానీ ఎవరెంత రాశారన్న సంభాషణ మొదలైతే అక్కడి నుంచి లేవండి. చదివి వినిపించమని అడిగితే, అనువాదం లేకుండా మీ భాషలోనే ఐదు నిమిషాలు చదవండి. వినేవారికి అర్థం తెలియదు కాబట్టి మెచ్చుకోవడానికీ తప్పు పట్టడానికీ ఏమీ ఉండదు. వారు మీ గొంతునూ లయనూ వింటారు, వారితోపాటు మీరూ వింటారు. ఎక్కడ లయ తడబడిందో వారి ముఖాల్లో తెలిసిపోతుంది. ఇంతకంటే నిష్కపటమైన సభ నాకు మరెక్కడా దొరకలేదు.

మధ్యలో చెడ్డ రోజులు వస్తాయి. ఇంత అవకాశం దొరికితే వృథా చేస్తున్నానన్న ఆలోచన తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. అది ఇంట్లో వదిలి వచ్చిన కాగితంలోని గొంతే. ఆ రోజు రాయవలసిన పని లేదు. ఇష్టమైన పుస్తకంలోని ఒక పేజీని చేత్తో నకలు చేయండి, బట్టలు ఉతుక్కోండి, బొమ్మ గీయండి, తోటలో పనివారుంటే సాయం అడిగి చేయండి. రెండు మూడు రోజులకు మించి ఆ బరువు తగ్గకపోతే నిర్వాహకులతోనో ఇంటివారితోనో మాట్లాడండి, దాచుకోవద్దు.

తిరుగు ప్రయాణం

చివరి రెండు రోజుల్లో కొత్తది మొదలుపెట్టి పూర్తిచేయాలని చూడకండి. రాసినవాటిని ఒకసారి చదివి, మీకు హాయి కలిగించిన చోట్ల మాత్రం మార్జిన్‌లో చిన్న గీత గీయండి. బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఆ గీతలు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో చూస్తే, మీ సంతోషం ఏ రూపంలో, ఏ వేళలో, ఎటువంటి విషయంలో దొరుకుతోందో తెలుస్తుంది. నాకు అవి మనుషుల మాటతీరు గురించి రాసిన పేజీల్లోనే పడ్డాయి. నేను ఏళ్లుగా రాస్తున్న నవలలో సంభాషణలు దాదాపుగా లేవని అప్పుడే గమనించాను.

బయలుదేరే రోజు ఉదయం ఒక వాక్యాన్ని సగం రాసి, నోటుపుస్తకం మూసి, చేతిసంచిలో పెట్టుకోండి. ఇంటికి చేరిన తర్వాత మొదటి నెల కొత్త ఒప్పందాలు, గడువులు ఒప్పుకోకండి. ఒప్పుకోక తప్పనివారు రోజులో మొదటి అరగంటనైనా వాటికి ఇవ్వకుండా ఉంచుకోండి. వచ్చిన మరునాడు, ఫోన్ తెరవకముందు, పెట్టెలు విప్పకముందు, ఆ సగం వాక్యాన్ని అదే పెన్నుతో పూర్తిచేయండి.